కరకంబాడి దారిలో నికరమైన కరెంటు

తిరుపతిలో భారీ కంప్యూటర్లు కట్టించుకునేవాళ్లు ఇప్పుడు తక్కువేం కాదు. యేర్పేడు ఐఐటీలో మెషీన్ లెర్నింగ్ మోడళ్లు నడిపే విద్యార్థులు, పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోలవాళ్లు, ఇంటి ప్లాన్లను త్రీడీలో చూపించే డిజైనర్లు, గేమింగ్ మీద మోజున్న కుర్రాళ్లు. ప్రాసెసరు ఏది, గ్రాఫిక్స్ కార్డు ఏది అన్న దగ్గర వారాల తరబడి చర్చ నడుస్తుంది. డబ్బంతా అక్కడ అయిపోయాక, చివర్లో మిగిలిన రెండు మూడు వేలకు ఏదో ఒక పవర్ సప్లై డబ్బా, అంటే ఎస్‌ఎంపీఎస్ వేసెయ్యమంటారు. లక్షన్నర యంత్రానికి ఊపిరి ఆ డబ్బాలోనే ఉంది. ఈ నిర్లక్ష్యం ఏ ఊళ్లో చెల్లినా తిరుపతిలో చెల్లకూడదు. ఎందుకంటే లీలామహల్ సర్కిల్ నుంచి కరకంబాడి రోడ్డు పట్టుకుని పోతే, టెలిఫోన్ ఎక్స్ఛేంజీలకూ రైల్వే సిగ్నళ్లకూ నికరమైన కరెంటు అందించే సరంజామా చేసే ఫ్యాక్టరీలు కనిపిస్తాయి. ముక్కలు ముక్కలుగా అమర్చుకునే (మాడ్యులర్) పవర్ సప్లై ఈ సీమకు గేమింగ్ కంప్యూటర్లతో కొత్తగా వచ్చింది కాదు. అంతకుముందే దానికి ఇక్కడ ఒక చరిత్ర ఉంది.

ఆ చరిత్ర పొలంలో మొదలవుతుంది.

1911లో ఏర్పడిన, తిరుపతి కూడా భాగంగా ఉండిన ఉమ్మడి చిత్తూరు జిల్లాకు జీవనది లేదు. స్వర్ణముఖి అయినా, బాహుదా అయినా, పాలారు అయినా వానొస్తేనే నది, లేకపోతే ఇసుక. సేద్యమంతా చెరువుల మీద, బావుల మీద. ఎద్దులతో కపిల తోలి నీళ్లు తోడిన కాలం పోయి ఆయిలింజన్లు వచ్చాయి, అవి పోయి కరెంటు మోటార్లు వచ్చాయి. 1959లో రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడ్డాక లైన్లు పల్లెల్లోకి పాకాయి. బావులు ఎండి బోర్లు పడ్డాయి, బోర్లు లోతెక్కిన కొద్దీ మోటార్ల హెచ్‌పీ పెరిగింది. ట్రాన్స్‌ఫార్మరు మాత్రం అదే. కరెంటు ఇచ్చే గంటల్లో అందరూ ఒకేసారి స్టార్టరు నొక్కేవాళ్లు, ఓల్టేజీ పడిపోయేది. ఓల్టేజీ తగ్గితే మోటారు అదే పనికి ఎక్కువ కరెంటు లాగుతుంది, వైండింగ్ వేడెక్కి కాలిపోతుంది. రీవైండింగ్ షాపు లేని మండల కేంద్రం అరుదు. త్రీఫేజు లేని వేళల్లోనూ నీళ్లు తోడుకోవాలని కొందరు పెద్ద కండెన్సర్లు తగిలించి రెండు ఫేజుల మీదే మోటార్లు తిప్పేవాళ్లు. ఆ భారానికి ఊళ్లో బల్బులు గుడ్డిదీపాలయ్యేవి. టీవీ కొన్న ప్రతి ఇంట్లో దాని కింద స్టెబిలైజరు చేరిందంటే కారణం ఇదే.

2004 మే 14న వై.ఎస్.రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి తొలి సంతకం ఉచిత విద్యుత్తు ఫైలు మీద పెట్టారు. ఆ తర్వాత నాలుగు షరతులు వచ్చాయి: ఐఎస్‌ఐ గుర్తున్న మోటారు, ఫ్రిక్షన్‌లెస్ ఫుట్‌వాల్వు, హెచ్‌డీపీఈ లేదా ఆర్‌పీవీసీ పైపు, కెపాసిటర్. మొదటి మూడూ రైతుకు కంటికి కనిపించే లాభాలు. నాలుగోది అలా కాదు. స్టార్టరు పెట్టె పక్కన బిగించే ఆ చిన్న డబ్బా ఏం చేస్తుందో చాలామందికి ఎవరూ సరిగ్గా చెప్పలేదు.

మోటారు లాగే కరెంటులో కొంత నీళ్లు తోడుతుంది. కొంత మోటారులో అయస్కాంత క్షేత్రాన్ని నిలబెట్టడానికే వచ్చి, తిరిగి లైనులోకి పోతుంది. ఆ రెండో భాగం పని చేయదు, కానీ తీగనూ ట్రాన్స్‌ఫార్మరునూ వేడెక్కిస్తుంది. ఓల్టేజీని కిందికి లాగడంలోనూ దానికి వాటా ఉంది. మోటారు దగ్గరే తగిన కెపాసిటర్ ఉంటే ఆ భాగాన్ని అక్కడికక్కడే సర్దేస్తుంది. 5 హెచ్‌పీ మోటారుకు 2 కేవీఏఆర్ కెపాసిటర్ సరిపోతుంది. దీన్నే పవర్ ఫ్యాక్టర్ సరిచేయడం అంటారు. చిక్కేమిటంటే, ఒక్క రైతు పెట్టుకుంటే తేడా తెలియదు. ట్రాన్స్‌ఫార్మరు కింద ఉన్న అందరూ పెట్టుకుంటేనే ఓల్టేజీ నిలబడుతుంది. వందల రూపాయల వస్తువు విలువ పక్క పొలం రైతు మీద ఆధారపడి ఉండటం వల్ల, చెప్పినంత తేలిగ్గా అది పల్లెల్లో నిలవలేదు. 2000 ఏప్రిల్‌లో తిరుపతి కేంద్రంగా ఏర్పడిన దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థకు మొదటి పదేళ్లలో ఎదురైన గట్టి సమస్యల్లో ఈ వ్యవసాయ లోడు ఒకటి. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ల బదులు రెండు మూడు మోటార్లకొక చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెట్టే హెచ్‌వీడీఎస్ పద్ధతి వచ్చిన నేపథ్యం కూడా ఇదే.

కంప్యూటరు ఈ కరెంటులోకే వచ్చింది. అయితే అది తనతోపాటు ఒక తెలివైన డబ్బాను తెచ్చుకుంది.

పాత రేడియోలు, టేప్‌రికార్డర్లలో బరువైన ఇనుప ట్రాన్స్‌ఫార్మరు ఉండేది. 50 హెర్ట్‌జ్ కరెంటును నేరుగా తగ్గించాలంటే అంత ఇనుము కావాలి. స్విచ్ మోడ్ పవర్ సప్లై, అంటే ఎస్‌ఎంపీఎస్, దారి వేరు. వచ్చిన ఏసీని ముందు డీసీ చేసి, సెకనుకు వేల సార్లు తెగ్గొట్టి, అరచేతిలో ఇమిడే ట్రాన్స్‌ఫార్మరుతో కావలసిన ఓల్టేజీకి దించుతుంది. 1977లో యాపిల్ 2 కోసం రాడ్ హోల్ట్ ఈ పద్ధతిని వాడాడు. 1981లో వచ్చిన ఐబీఎం పీసీ పవర్ సప్లై సామర్థ్యం 63.5 వాట్లు. ఈరోజు ఒక మోస్తరు గ్రాఫిక్స్ కార్డు కూడా ఒంటరిగా అంతకు రెండింతలు తాగుతుంది. తిరుపతి షాపుల్లో కంప్యూటర్లను విడిభాగాలతో కట్టి అమ్మడం మొదలైనప్పుడు సరుకు ఎక్కువగా మద్రాసు రిచీ స్ట్రీట్ నుంచి వచ్చేది. క్యాబినెట్ కొంటే ఎస్‌ఎంపీఎస్ అందులోనే ఉండేది, దానికి వేరే ధర చెప్పేవాళ్లు కాదు. దాన్ని లెక్కలోకి తీసుకోని అలవాటుకు బీజం అక్కడ పడింది.

ఇదే కాలంలో కరకంబాడిలో మరో రకం పవర్ సప్లైలు తయారవుతున్నాయి. పేటమిట్టలో పుట్టిన గల్లా రామచంద్రనాయుడు అమెరికాలో విద్యుత్ కేంద్రాల డిజైన్ రంగంలో ఇంజనీరుగా పనిచేసి తిరిగొచ్చి, 1985లో అమరరాజాను స్థాపించారు. పేరు అత్తమామలది: అమరావతమ్మ, స్వాతంత్ర్య సమరయోధుడూ చిత్తూరు ఎంపీగా పనిచేసినవాడూ అయిన పాటూరి రాజగోపాలనాయుడు. నీళ్లు లేని, పరిశ్రమల్లేని నేల మీద, రైలుమార్గం పక్కన ఒక పల్లెలో ఇంజనీరింగ్ ఫ్యాక్టరీ పెట్టడం అప్పటికి సాహసమే. సంస్థ ఎంచుకున్న వస్తువు వీఆర్‌ఎల్‌ఏ బ్యాటరీ, అంటే మూత వేసి సీలు చేసిన లెడ్ యాసిడ్ బ్యాటరీ. ఇప్పుడు ప్రతి యూపీఎస్‌లో ఉండేది ఇదే కాబట్టి అందులో వింతేమీ కనిపించదు. అప్పుడది ఎంత మార్పో తెలియాలంటే పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజీ బ్యాటరీ గది చూడాలి.

ఎక్స్ఛేంజీ నడిచేది 48 వోల్టుల డీసీ మీద. రెండేసి వోల్టుల సెల్లులు 24, వరసగా బల్లల మీద. ఒక్కొక్కటీ ఎత్తడానికి ఇద్దరు మనుషులు కావాలి. యాసిడ్ ఆవిరి గోడల సున్నాన్ని తినేస్తుంది కాబట్టి గదికి ప్రత్యేకమైన రంగు, ప్రత్యేకమైన పలకలు, ఎప్పుడూ తిరిగే ఎగ్జాస్ట్ ఫ్యాను. ఒక మనిషి హైడ్రోమీటరు పట్టుకుని సెల్లు సెల్లుకూ సాంద్రత చూసి పుస్తకంలో రాసుకోవాలి, మట్టం తగ్గితే డిస్టిల్డ్ వాటర్ పోయాలి. 1984లో ఏర్పడిన టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్, పల్లెటూళ్లలో ఏసీ గది లేకుండా నడిచే చిన్న ఎక్స్ఛేంజీని తయారుచేసింది. అలాంటి యంత్రం పక్కన ఇంత తతంగం కుదరదు. నీళ్లు పోయనక్కర్లేని, పొగ రాని, పరికరం ఉన్న గదిలోనే పెట్టుకోదగ్గ బ్యాటరీ కావాలి. వీఆర్‌ఎల్‌ఏ ఆ ఖాళీని నింపింది.

బ్యాటరీతోపాటు దాన్ని చార్జ్ చేసే యంత్రమూ మారింది. పాత రెక్టిఫయరు బీరువా అంత. అది చెడితే ఎక్స్ఛేంజీ అంతా బ్యాటరీ మీద పడుతుంది, మెకానిక్ వచ్చేదాకా అందరికీ గుండెదడే. కొత్త పద్ధతిలో అరలున్న ఒక ర్యాకు, ఆ అరల్లోకి దోపే స్విచ్ మోడ్ రెక్టిఫయర్ మాడ్యూళ్లు. ఉదాహరణకు 100 ఆంపియర్ల లోడుంటే 25 ఆంపియర్ల మాడ్యూళ్లు నాలుగు చాలు, కానీ ఐదు పెడతారు. అన్నీ భారాన్ని సమంగా పంచుకుంటాయి. ఒకటి పోతే మిగతా నాలుగూ మోస్తాయి. చెడినదాన్ని, ఎక్స్ఛేంజీ నడుస్తుండగానే, బయటికి లాగి కొత్తది తోసేస్తారు. మరమ్మతు తర్వాత తీరిగ్గా చేసుకోవచ్చు.

రైల్వే సిగ్నళ్లలో ఇదే ఆలోచన ఇంకో మెట్టు ఎక్కింది. స్టేషన్‌లో సిగ్నల్ దీపాలకు 110 వోల్టుల ఏసీ, రిలేలకు 24 వోల్టుల డీసీ, పట్టాలు మార్చే పాయింట్ మోటార్లకు 110 వోల్టుల డీసీ. ఒకప్పుడు ఒక్కో అవసరానికి ఒక్కో చార్జరు, ఒక్కో బ్యాటరీ వరస. ఇంటిగ్రేటెడ్ పవర్ సప్లై వచ్చాక 110 వోల్టుల బ్యాటరీ బ్యాంకు ఒక్కటే మిగిలింది. దాని నుంచి కావలసిన ఓల్టేజీలన్నిటినీ విడివిడి మాడ్యూళ్లు తీసిస్తాయి. కరకంబాడిలో అమరరాజా పవర్ సిస్టమ్స్ తయారుచేసిన సరుకులో ఇదొకటి. కంప్యూటరులోని పవర్ సప్లై పని కూడా చిన్న ఎత్తున ఇంతే: ఒక్క 230 వోల్టుల ఏసీ తీసుకుని 12, 5, 3.3 వోల్టుల డీసీలు ఇవ్వడం.

1997లో అమరరాజాలో జాన్సన్ కంట్రోల్స్ భాగస్వామిగా చేరింది, 2000లో అమరాన్ కారు బ్యాటరీ వచ్చి ఊరి పేరు తెలియని వాళ్లకూ ఆ పచ్చరంగు తెలిసేలా చేసింది. 2019లో ఆ భాగస్వామ్యం ముగిసింది. రాజగోపాలనాయుడి సొంతూరు దిగువమాఘంలో ఎలక్ట్రానిక్స్ యూనిట్ వెలిసి, పల్లె ఆడపిల్లలు సర్క్యూట్ బోర్డుల పనిలోకి వచ్చారు. వేరుశనగ చేలు తప్ప వేరే దిక్కులేని చోట ఈ మార్పు విలువ గణాంకాల్లో పట్టేది కాదు. ఈ కథకు రెండో వైపూ ఉంది. సీసం విషం. 2021లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సంస్థకున్న కరకంబాడి, నూనెగుండ్లపల్లి ప్లాంట్లను మూసేయమని ఆదేశించింది. హైకోర్టు ఆ ఆదేశాన్ని నిలిపివేసింది. రాజకీయ కక్ష అన్నవాళ్లున్నారు, కాదు ఆరోగ్య సమస్యే అన్నవాళ్లున్నారు. ఎవరి వాదన ఎలా ఉన్నా, సీసంతో పనిచేసే కార్మికుల రక్తపరీక్షలూ చుట్టుపక్కల చెరువుల నీళ్లూ నిరంతరం పరీక్షకు నిలవాల్సినవే. బ్యాటరీ కొనేవాడు పాతదాన్ని గుజరీవాడికి కాకుండా డీలరుకే తిరిగివ్వడం ఈ లెక్కలో భాగమే.

కరకంబాడికి ఎదురు దిక్కున, తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి ఉంది. చుట్టూ కొండలు, మధ్యలో 130 మీటర్ల చదరంలో 1,024 యాంటెన్నాలు. 1990ల మొదట్లో పని ప్రారంభించిన ఎంఎస్‌టీ రాడార్ ఇది. ఆకాశంలో గాలి కదలికలను చూడటానికి 53 మెగాహెర్ట్‌జ్ దగ్గర 2.5 మెగావాట్ల శిఖర శక్తితో తరంగాలు పంపేది. మొదట్లో ఆ శక్తిని 32 ట్రాన్స్‌మిటర్లు పంచుకునేవి. ఒక్కొక్కటి 15 నుంచి 120 కిలోవాట్ల వరకు. ఒక పెద్ద ట్రాన్స్‌మిటరు మూలన పడితే ఒక వరస యాంటెన్నాలన్నీ మూగబోయేవి. తర్వాత ప్రతి యాంటెన్నాకూ ఒక కిలోవాట్ ఘనస్థితి మాడ్యూలు చొప్పున 1,024 అమర్చారు. ఇప్పుడు పది మాడ్యూళ్లు చెడినా రాడార్ చూపు పెద్దగా మసకబారదు. 2005లో ఈ కేంద్రం జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలగా మారింది. ఎక్స్ఛేంజీ ర్యాకులో ఉన్న సూత్రం ఇక్కడ ఎకరాల మేర పరచుకుని ఉంది.

ఉమ్మడి జిల్లాకు నైరుతి కొసన కుప్పంలో 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ ‘ఐ-కమ్యూనిటీ’ పథకం మొదలుపెట్టింది. సమాచార కేంద్రాలు, కంప్యూటర్లు, ఇంటర్నెట్. వాటన్నిటిలో గుర్తుంచుకోదగ్గది పొదుపు సంఘాల ఆడవాళ్లకు ఇచ్చిన ఫొటో కిట్: డిజిటల్ కెమెరా, చిన్న ప్రింటరు, వాటిని నడిపే సౌరశక్తి. పెళ్లిళ్లకూ గుర్తింపు కార్డులకూ ఊళ్లు తిరిగి ఫొటోలు తీసి అక్కడికక్కడే అచ్చువేసి ఇచ్చేవాళ్లు. కరెంటును నమ్ముకుంటే ఆ బేరం సాగదు. ముందు పవర్ సంగతి తేల్చుకుని ఆ తర్వాత యంత్రం సంగతి చూసిన పని అది.

ఇంత అనుభవం ఉన్న నేల మీద డెస్క్‌టాప్ పవర్ సప్లై ఎంచుకోవడం దగ్గరికి వస్తే మొదట ఒక భ్రమ పోవాలి. ఎక్స్ఛేంజీ ర్యాకులో మాడ్యులర్ అంటే కరెంటు పుట్టించే ముక్కలే విడిగా ఉంటాయి. డెస్క్‌టాప్‌లో అలా కాదు. కరెంటు పుట్టించే డబ్బా ఒక్కటే, అది పోతే అంతా పోయినట్టే. విడిగా వచ్చేవి కేబుళ్లు మాత్రమే. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ ప్రమాణం తెచ్చాక చాలాకాలం డబ్బాలోంచి తీగల జూలు కిందికి వేలాడేది, అవసరం లేనివి క్యాబినెట్‌లో కుక్కేవాళ్లు. 2000ల నడుమ మాడ్యులర్ డబ్బాలు బజారులోకి వచ్చి, మదర్‌బోర్డుకు 24 పిన్నులది, ప్రాసెసరుకు 8 పిన్నులది, కార్డుకు కావలసినవి మాత్రం గుచ్చుకునే వీలు కల్పించాయి. తీగలు తగ్గితే గాలి ఆడుతుంది, దుమ్ము తుడవడం తేలికవుతుంది. తిరుపతి ఎండకూ దుమ్ముకూ ఇవి చిన్న లాభాలు కావు. కానీ డబ్బా లోపలి నాణ్యతకూ కేబుళ్లు ఊడి రావడానికీ సంబంధం లేదు. మాడ్యులర్ అయినంత మాత్రాన మంచిది కాదు.

లోపల ఏముందో లేబులు కొంత చెబుతుంది. ఆధునిక కంప్యూటరు భారం దాదాపు అంతా 12 వోల్టుల లైను మీదే. పైన 450 వాట్లు అని పెద్దక్షరాల్లో ఉన్నా, పట్టికలో 12 వోల్టుల దగ్గర 18 ఆంపియర్లే రాసి ఉంటే అక్కడ దొరికేది 216 వాట్లే. సామర్థ్యం కోసం 2004లో 80 ప్లస్ గుర్తింపు మొదలైంది, తర్వాత బ్రాంజ్, గోల్డ్, ప్లాటినమ్ శ్రేణులు చేరాయి. కంప్యూటరు 450 వాట్లు వాడుతుంటే, 90 శాతం సామర్థ్యమున్న డబ్బా గోడ నుంచి 500 లాగి 50 వాట్లు వేడిగా వదులుతుంది. 75 శాతందైతే 600 లాగి 150 వాట్లు. నలభై డిగ్రీలు దాటే మే నెలలో ఆ అదనపు వంద వాట్లు గదిలోనే, డబ్బాలోనే ఉంటాయి. లోపలి కెపాసిటర్లకు పది డిగ్రీల వేడి తగ్గితే ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుందని ఇంజనీర్ల లెక్క. 105 డిగ్రీల రేటింగున్న కెపాసిటర్ల కోసం వెతకమనేది అందుకే.

బోరు దగ్గరి కెపాసిటరు చేసే పనికి దగ్గరి పనిని కంప్యూటరు డబ్బాలో పవర్ ఫ్యాక్టర్ సరిచేసే యాక్టివ్ పీఎఫ్‌సీ చేస్తుంది. వచ్చే కరెంటును ఓల్టేజీ అలకు తగ్గట్టు తీసుకుంటుంది, పైగా చాలా మంచి డబ్బాలు 100 నుంచి 240 వోల్టుల దాకా ఏ ఓల్టేజీ మీదనైనా నడుస్తాయి. అందువల్ల అలాంటి డబ్బా ఉన్న కంప్యూటరుకు స్టెబిలైజరు అక్కర్లేదు. యూపీఎస్ దగ్గర మాత్రం చిక్కు ఉంది. చవక యూపీఎస్‌లు, పాత ఇన్వర్టర్లు ఇచ్చే మెట్లు మెట్ల అలతో కొన్ని పీఎఫ్‌సీ డబ్బాలకు పొసగదు, కరెంటు పోగానే యంత్రం ఆరిపోతుంది. నిజమైన సైన్ అల ఇచ్చేదే తీసుకోవాలి. సాధారణంగా దొరికే 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది 360 వాట్ల చుట్టుపక్కలే అన్నది కూడా గుర్తుండాలి.

కరెంటు పోయి యూపీఎస్ అందుకునే లోపు డబ్బా తనలో దాచుకున్న శక్తితో యంత్రాన్ని నిలబెట్టాలి. అలా నిలబెట్టే వ్యవధే హోల్డప్ సమయం. ఏటీఎక్స్ కోరేది కనీసం పదిహేడు మిల్లీసెకన్లు. 50 హెర్ట్‌జ్ కరెంటులో ఒక ఆవృత్తానికి 20 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి, ఇది ఒక్క ఆవృత్తం కూడా కాదు. 2023 నాటి ఏటీఎక్స్ 3.1 ఈ గడువును ఇంకా సడలించి, పూర్తి లోడు దగ్గర 12 మిల్లీసెకన్లు చాలంది. ఇంటి ఇన్వర్టరు వెనక ఉండే చిన్న స్విచ్చిని చాలామంది ముట్టుకోరు. అది నార్మల్ మోడ్‌లో ఉంటే మార్పుకు ఈ గడువు దాటిపోతుంది. కంప్యూటరు ఉన్న ఇంట్లో దాన్ని యూపీఎస్ మోడ్‌కు మార్చాలి. ఎక్కువ ఫీడరు కోతలున్న పల్లెల్లో, కొత్త ప్రమాణం పేరు కన్నా పూర్తి లోడు దగ్గర కొలిచిన హోల్డప్ సమయాన్ని చూసి కొనడమే మేలు.

గ్రాఫిక్స్ కార్డులు లోడును క్షణాల్లో ఎగదోస్తాయి. 2022 నాటి ఏటీఎక్స్ 3.0, డబ్బా తన సామర్థ్యానికి రెండింతల దాకా లోడును వంద మైక్రోసెకన్ల పాటు తట్టుకోవాలని చెప్పింది. 600 వాట్లు మోయగల కొత్త కనెక్టరును కూడా అందులో చేర్చారు. 12 వోల్టుల దగ్గర 600 వాట్లంటే 50 ఆంపియర్లు, అగ్గిపుల్లంత సన్నని ఆరు పిన్నుల గుండా. ఆ ఏడాదే ఆర్‌టీఎక్స్ 4090 కార్డుల దగ్గర కొన్ని కనెక్టర్లు కరిగాయి, సరిగ్గా లోపలిదాకా గుచ్చకపోవడం ఒక కారణంగా తేలింది. తర్వాత వచ్చిన 12వీ-2×6 కనెక్టరులో సెన్స్ పిన్నులను పొట్టి చేశారు, పూర్తిగా గుచ్చకపోతే అవి తగలవు, కార్డు ఎక్కువ కరెంటు లాగదు. గుచ్చేటప్పుడు అంచు ఎక్కడా కనిపించనంత వరకు నొక్కడం, కనెక్టరు మొదట్లోనే తీగను వంచకపోవడం అలవాటు చేసుకోవాలి.

ఎర్తింగ్ లేని ఇంట్లో ఎంత ఖరీదైన డబ్బా అయినా క్యాబినెట్‌కు చేయి తగిలితే చిమచిమలాడుతుంది. పాత తిరుపతి వీధుల ఇళ్లలో మూడో రంధ్రం ఉన్నా దాని వెనక తీగ ఉండకపోవచ్చు. ఉప్పు, బొగ్గు వేసిన ఎర్త్ గొయ్యి ఎండి రాయి అయిపోయి ఉండొచ్చు. వేసవికి ముందు దానికి నీళ్లు పోయించి, ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ రెసిస్టెన్స్ చూపించుకోవడం ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

ఇక మాడ్యులర్ డబ్బాలతోనే వచ్చే ప్రమాదం కేబుళ్ల మార్పిడి. డబ్బా వైపు సాకెట్‌లో ఏ పిన్ను ఏ ఓల్టేజీ అన్నదానికి ఉమ్మడి ప్రమాణం లేదు. ఒక కంపెనీ 12 వోల్టులు ఇచ్చే చోట ఇంకో కంపెనీ 5 వోల్టులు ఇస్తుంది. ఒకే కంపెనీలో పాత, కొత్త శ్రేణులకూ తేడాలుంటాయి. ఆకారం ఒకటే కాబట్టి పాత కేబులు కొత్త డబ్బాకు చక్కగా పడుతుంది, స్విచ్చి వేయగానే హార్డ్‌డిస్కు, అందులోని ఏళ్ల ఫొటోలు, థీసిస్ అన్నీ పోతాయి. డబ్బా మార్చిన రోజున పాత కేబుళ్లను పాత డబ్బాతోపాటే కట్టి పక్కన పెట్టేయాలి, కొత్తదాని కేబుళ్ల సంచి మీద మోడల్ పేరు రాసి ఉంచాలి.